నాలుగో మడత

“ఈ మడత నా కూతురిది కాదు!”

ముందుగదిలోంచి వచ్చిన ఆ కేకకి వంటగదిలో నర్సమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. పొయ్యి మీద పంచదార పాకంలో నారింజ తొక్కలు ఉడుకుతున్నాయి. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా పొయ్యి దగ్గరికే వచ్చిందామె. ఇంకా కునుకైనా తీయలేదు. చలి మొదలవగానే వచ్చే మొదటి ఆదివారం ఆ ఇంట్లో తొక్కల మిఠాయి చేయాలి, కిటికీకి రంగుకాగితాల గొలుసు కట్టాలి, పెట్టెలోంచి నీలం గౌను తీయాలి. మిఠాయి, గొలుసు ఆమె ఈ ఇంటికి రాకముందు నుంచీ ఉన్నవే, గౌను ఆమె వచ్చాక చేరిన పద్ధతి. ఒళ్ళు అలిసిందనో, కళ్ళు మండుతున్నాయనో ఆమె వాటిలో ఏదీ ఏనాడూ తప్పించలేదు.

ఏడాదిగా ఆమె ఈ కేక కోసమే భయపడుతూ బతికింది. తలుపు గట్టిగా పడినా, ఎవరైనా పెట్టె మూత తీసినా ఉలిక్కిపడేది. తీరా అది వినిపించేసరికి, విచిత్రంగా, ముందు పొయ్యి కట్టేయాలన్న సంగతే తోచింది. కట్టేసింది. చేతులు తుడుచుకుని ముందుగదిలోకి నడిచింది.

కిటికీ దగ్గర పిల్ల అమ్మమ్మ నిలబడి ఉంది. ఆమె చేతుల్లో నీలం ఉన్ని గౌను లోపలివైపు పైకి తిరగేసి ఉంది. బల్ల దగ్గర ఉడత కాగితపు గొలుసుకి జిగురు రాస్తోంది. పిల్లకి పదేళ్ళు. ఏది దొరికినా తలగడ కింద దాచుకునే అలవాటు చూసి తండ్రి పెట్టిన పేరు అది. ఆ తండ్రి, లిఫ్టులు బాగుచేసే మనిషి, స్టూలు మీద నిలబడి మేకు కొట్టబోతూ అలాగే ఉండిపోయాడు.

“ఏమైందమ్మా?” అంది నర్సమ్మ. ఏమైందో ఆమెకి తెలుసు.

“ఏమైందో నువ్వే చెప్పాలి!” అమ్మమ్మ గౌను అంచుని ముందుకి చాపింది. “పిల్లకి ఇంక పట్టదు కదా, నా దగ్గర ఉంచుకుందాం అని తీశాను. నా కూతురి చేతి కుట్టు ఇదొక్కటే మిగిలింది నాకు... మడతలు మూడు! గుడ్డకి అటు కొస నేను పట్టుకున్నాను, ఇటు కొస అది పట్టుకుంది. ఇంకోటి పెట్టవే అన్నాను. ‘గుడ్డ చాలదమ్మా’ అంది. ఆ మాట నా చెవిలో ఇంకా మోగుతోంది... మరి ఈ నాలుగోది ఎక్కణ్ణించి వచ్చింది? ఎవరు పెట్టారు?”

నర్సమ్మ ముందు ఉడత వైపు చూసింది. పిల్ల తల ఎత్తలేదు. జిగురు అంటిన వేలితో కాగితాన్ని అలా రుద్దుతూనే ఉంది.

*

ఆ గౌను మామూలు గౌను కాదు. ఉడత తల్లి మంచం పట్టిన ఏడాది దాన్ని కుట్టింది. కూర్చునే ఓపిక ఉన్న పూటల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో, కొద్దికొద్దిగా కుట్టింది. ఎదిగే పిల్లకి లోపల మడత వదలడం అందరూ చేసేదే. ఒకటి వదులుతారు, మహా అయితే రెండు. ఆ తల్లి మాత్రం ఉన్న గుడ్డంతా లోపలికే దాచింది. అంచున మూడు మడతలు, చేతుల దగ్గర మూడు, పక్కల కుట్టుల్లో వెడల్పుగా గుడ్డ. “గౌను పిల్లతోపాటు ఎదగాలి” అందట. గౌను పూర్తయ్యాక ఆమె ఎక్కువ రోజులు లేదు.

ఆ తర్వాత చలికాలం వచ్చేసరికి రెండో భార్యగా ఆ ఇంట్లోకి నర్సమ్మ వచ్చింది. చనిపోయినామెని ఏనాడూ చూడకపోయినా ‘అక్క’ అనే అనుకుంది. పిల్ల ఈమెని ‘పిన్నీ’ అంది. మొదటి ఆదివారం పెట్టెలోంచి గౌను తీసి, కింది మడత కుట్టు కత్తెరతో ఒక్కచోట తెంపి, దారం కొస పిల్ల చేతికి ఇచ్చింది. ఉడత దారం లాగింది. మడత జారి, ఎండ చూడని కొత్త నీలం బయటపడింది.

“అమ్మ దిగింది!” అంది పిల్ల.

నర్సమ్మ వెన్నులోంచి చలి పాకింది. కానీ పిల్ల మొహం వెలిగిపోతోంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో అదే మాట స్థిరపడిపోయింది. చలిగాలి తిరగగానే ఉడత అడిగేది, “ఈ ఆదివారం అమ్మ దిగుతుందా పిన్నీ?” పైనెక్కడో మెట్ల మీద ఆ తల్లి కూర్చుని ఉన్నట్టు, ఏటా ఒక్కో మెట్టు దిగి వస్తున్నట్టు. తండ్రి ఆ మాట విన్నప్పుడల్లా లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. “మా అల్లుడు ఎంత బరువునైనా పై అంతస్తుకి ఎక్కిస్తాడు, ఒక్క మాటని మాత్రం పెదవి దాటించలేడు” అని అమ్మమ్మ ఊరికే అనేది కాదు.

మూడో మడత దించిన రోజు ఉడత గౌను వేసుకుని గిర్రున తిరిగి, ఆగి, అడిగింది. “పిన్నీ, అమ్మ ఇంకెన్నిసార్లు దిగుతుంది?”

నర్సమ్మకి తెలుసు. లోపల ఇంక ఏమీ లేదు. చెప్పాలి. ఆస్పత్రిలో ఎందరికో చెప్పిన నోరే అది... కానీ పిల్ల కళ్ళలోకి చూసేసరికి ఆ నోరు జారింది.

“ఇంకోసారి” అంది.

జారిన మాటని వెనక్కి తీసుకోలేం. నిజం చేయడమొక్కటే దారి.

గుడ్డ కోసం వెతికి వెతికి చివరికి తన పెట్టె తెరిచింది. నర్సు చదువు పూర్తయిన రోజు ఇచ్చిన ఉన్ని కేపు అందులో ఉంది. ముదురు నీలం. మొదటి డ్యూటీకి అది భుజాన వేసుకుని వెళ్ళినప్పుడు అద్దంలో తనని తానే గుర్తుపట్టలేదు. చలిరాత్రుల డ్యూటీలకి అప్పటికీ అదే వేసుకునేది. కత్తెర పెట్టేముందు ఒకసారి భుజాల మీద వేసుకుని, తీసి, బల్ల మీద పరిచింది. గౌనుకి అతుకు ఎక్కడ పడుతుందో అక్కడ ఆకుల వరస అల్లింది, అతుకు కనబడకుండా.

కుట్టు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. అక్క ఎడమచేతివాటం మనిషి. ఆమె కుట్లన్నీ గాలికి వంగిన గడ్డిలా ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. కుడిచేత్తో ఎంత ప్రయత్నించినా రెండో పక్కకే ఒరుగుతాయి. అందుకని నర్సమ్మ ఎడమచేతికి సూది నేర్పింది. వార్డులో టీ తాగే వేళ పాత గుడ్డముక్క మీద కుట్టేది. తోటి నర్సు చూసి నవ్వేది.

“ఏమే, కుడిచెయ్యి సెలవు పెట్టిందా?”

“పెట్టింది. ఎడమది డబుల్ డ్యూటీ చేస్తోంది.”

“జీతం కూడా దానికే ఇస్తారేమో చూసుకో!”

నవ్వుకున్నారు. కానీ ఇంట్లో నవ్వు రాలేదు. మధ్యాహ్నాలు కిటికీ పక్క అదే కుర్చీలో, అక్క కుట్ల వరసని ఎదురుగా పెట్టుకుని కుడుతుంటే, భుజం వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టుండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. వేళ్ళు ముందు గుచ్చుకునేవి, తర్వాత తడబడేవి. ఒకరోజు ఉన్నట్టుండి తడబాటు పోయింది. చెయ్యి దానంతటదే నడిచింది. సంతోషించాల్సింది పోయి ఆమె సూది కింద పెట్టేసి చేతిని చూసుకుంది. ఇది ఎవరి చెయ్యి?

ఆ తర్వాత ఆ చెయ్యి కుట్టు దగ్గర ఆగలేదు. ఉప్పు డబ్బా అందుకునేది అదే. దువ్వెన పట్టుకునేది అదే. ఉడతకి జడ వేస్తుంటే పిల్ల ఒక్కసారి ఉలిక్కిపడి అద్దంలోకి చూసింది. ఇంకోరోజు సాయంత్రం భర్త పని నుంచి వచ్చి, గుమ్మంలో ఆగి, కిటికీ వైపు తిరిగి వంగి కుడుతున్న ఆమెని వెనకనుంచి చూసి ఒక పేరు పెట్టి పిలిచాడు. ఈమె పేరు కాదు. ఆ ఇంట్లో మూడేళ్ళుగా ఎవరూ పలకని పేరు.

“ఆఁ” అంది నర్సమ్మ.

పలికాక తెలిసింది తను పలికిందని! అతను గోడ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అతను కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు, మురికి పోయాక కూడా.

అన్నిటికన్నా బరువైనది జ్వరం రోజున జరిగింది. ఉడత ఒళ్ళు కాలిపోతుంటే పక్కన కూర్చుని తడిగుడ్డ నుదుటి మీద వేసింది, ఎడమచేత్తో. పిల్ల కళ్ళు మూసుకునే ఉంది. ఎండిన పెదవులు కదిలాయి.

“అమ్మా...”

వచ్చిన నాటినుంచి ఆ ఒక్క మాట కోసం ఆమె ఎవరికీ చెప్పకుండా ఎదురుచూసింది. ఆ మాట వచ్చింది. కానీ ఎవరికి వచ్చింది? నుదుటి మీద ఉన్న చేతికి! ఆ చెయ్యి తనది కాదు కదా... నర్సమ్మ పలకలేదు. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, పరాయి ఇంటికి చూడవచ్చిన మనిషిలా కూర్చుండిపోయింది.

నిరుటి చలికాలం నాలుగో మడత దిగింది. ఉడత దారం లాగింది, లోపలి అంచుని వేలితో ఒకసారి తడిమింది, ఆ తర్వాత ఎప్పటిలాగే “అమ్మ దిగింది” అంది. నర్సమ్మ వంటగదిలోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఊపిరి వదిలింది.

*

“చెప్పవేం?” అమ్మమ్మ దగ్గరికి వచ్చింది. “చూపుకి అచ్చం దాని కుట్టే! ఒరగడం అదే, కుట్టుకీ కుట్టుకీ ఎడం అదే. నా తల్లి నాకు తెలీకుండా ఇంకోటి దాచిందని ముద్దు కూడా పెట్టుకున్నాను... అప్పుడు పెదవికి తగిలింది. ముడి! నా కూతురు దారానికి ముడి వేయదు. ముడి పిల్లకి ఒరుసుకుంటుంది అంటుంది. రెండు కుట్లు వెనక్కి వేసి మొదలుపెడుతుంది. నేర్పింది నేను!”

నర్సమ్మ గౌను వైపు చూసింది. నిజమే. అంచు పొడవునా, దారం మారిన ప్రతిచోటా, చిన్న గట్టి ముడి. ఒరుగు చూసింది, ఎడం చూసింది, దారం రంగు చూసింది. ముడి సంగతి మాత్రం ఎప్పుడూ తలకెక్కలేదు. రోజంతా కట్లు కట్టే చేతులు. ముడి వేయకుండా వదలడం వాటికి రాదు. కుడిచెయ్యి మరిచిపోయినా, ఎడమచెయ్యి ఇంకొకరిదైపోయినా, ముడి దగ్గర మాత్రం ఆమే మిగిలింది.

“నేనే కుట్టానమ్మా” అంది.

“దొంగిలించావు!” అమ్మమ్మ కళ్ళనిండా నీళ్ళు. “అల్లుణ్ణిచ్చాను, మాట్లాడలేదు. మనవరాల్నిచ్చాను, మాట్లాడలేదు. దాని కుర్చీలో కూర్చుంటే చూసి ఊరుకున్నాను. చివరికి చచ్చిపోయినదాని చేతిని కూడా తీసుకున్నావా? పిల్లకి దొంగ అమ్మని చూపిస్తావా?”

“అత్తయ్యా...” స్టూలు మీదినుంచి దిగాడు భర్త.

“నువ్వుండు నాయనా! మాట్లాడాల్సినప్పుడు మాట్లాడవు!”

నర్సమ్మ తల వంచుకుంది. ఆమె భయమంతా ఒక్కటే. ఇప్పుడు పిల్లకి తెలిసిపోయింది. తల్లి మూడో మెట్టు దగ్గరే ఆగిపోయిందని, ఆ తర్వాత దిగిందంతా పిన్ని ఆడిన అబద్ధమని. ఇంక ‘పిన్నీ’ అని కూడా పిలుస్తుందో లేదో...

“నాకు తెలుసు అమ్మమ్మా” అంది ఉడత.

అమ్మమ్మ పిల్ల వైపు తిరిగింది.

“నిరుడే తెలుసు. దారం లాగినప్పుడు వేలికి తగిలింది. వేసుకుంటే మోకాలి దగ్గర గుచ్చుకునేది కూడా.”

“మరి చెప్పలేదేమే?” అమ్మమ్మ నోట మాట సన్నగా వచ్చింది.

“పిన్ని వేళ్ళ నిండా సూదిపోట్లే. నిద్రపోతున్నట్టు పడుకుని చూసేదాన్ని. అంత కష్టపడి కుట్టింది నేను ఏడవకూడదని కదా. నాకు తెలుసని చెబితే పిన్ని ఏడుస్తుంది.” పిల్ల వేలికి అంటిన జిగురుని గోటితో గీరుకుంటూ చెబుతోంది. “అందుకని ‘అమ్మ దిగింది’ అన్నాను.”

నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎడమచెయ్యి. ఉడత ఆ చేతినే చూస్తోంది.

“కానీ నాకు భయం వేసేది పిన్నీ.”

“ఎందుకమ్మా?”

“నువ్వు ఆ చేత్తో జడ వేస్తే అచ్చం అమ్మ వేసినట్టే ఉండేది. అద్దంలో చూసేదాన్ని, నువ్వున్నావా లేదా అని. అమ్మ ఎలాగూ రాదు. నాకు తెలుసు. మరి నువ్వు కూడా నెమ్మదినెమ్మదిగా అమ్మవైపోతే... నువ్వు కూడా ఉండవు కదా!” అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ బయటపడింది. “జ్వరం వచ్చినప్పుడు అమ్మా అని పిలిచాను. నిన్నే పిలిచాను! నువ్వు పలకలేదు...”

నర్సమ్మ నేల మీదే కూలబడి చేతులు చాచింది. ఏ చెయ్యి ముందు చాచిందో ఆమెకి తెలియదు. ఉడత వచ్చి ఆ చేతుల్లో పడింది. జిగురు జుట్టుకి అంటింది, రవికకి అంటింది. ఎవరూ పట్టించుకోలేదు.

భర్త వెళ్ళి అమ్మమ్మ చేతిలోని గౌను అంచుని ముట్టుకున్నాడు.

“అత్తయ్యా, ఇది తన కేపు. నర్సయినప్పుడు ఇచ్చింది. పోయిన రెండు చలికాలాలు పాత స్వెట్టరు వేసుకునే రాత్రి డ్యూటీకి వెళ్ళింది. కేపేదని అడిగితే, ఎక్కడో మర్చిపోయానంది. నాకు అప్పుడే తెలుసు.” అంచుని వదిలేశాడు. “నేను కూడా అడగలేదు. ఎవరం ఎవర్నీ అడగలేదు ఈ ఇంట్లో.”

అమ్మమ్మ కుర్చీలో కూర్చుంది. గౌనుని ఒళ్ళో పరుచుకుంది. పాత మడతల గీతలు మూడూ వరసగా కనబడుతున్నాయి, నీటి గుర్తుల్లా. వాటి కింద ఆకుల వరస. దాని కింద ముదురు నీలం. ముసలి వేళ్ళు ఒక్కో గీతనీ తడుముతూ దిగి, ఆకుల దగ్గర ఆగి, ఆ తర్వాత ముడి దగ్గరికి వచ్చాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి.

“ముడి మీద మెత్తటి గుడ్డముక్క వేసి కుట్టాల్సింది” అంది చివరికి. “గుచ్చుకోదు.”

“తెలియలేదమ్మా.”

“ఎలా తెలుస్తుంది? చెప్పేవాళ్ళుంటే కదా.” ముక్కు ఎగబీల్చింది. “నేనుండి ఏం లాభం? ఏటా రావడం, పెట్టె మూత తీయడం, ఏడవడం, పోవడం.”

“అమ్మమ్మా, గౌను నువ్వు తీసుకెళ్ళు” అంది ఉడత. “నాకు ఇంక పట్టదు.”

“ఈ అంచు విప్పి ఇస్తాను, పిన్ని గుడ్డ పిన్నికి...”

“విప్పొద్దు!” ఉడత చెయ్యి అడ్డం పెట్టింది. “అలాగే ఉండనీ.”

అమ్మమ్మ పిల్ల మొహంలోకి, ఆ తర్వాత నేల మీద కూర్చున్నామె మొహంలోకి చూసింది. తల ఊపింది. గౌనుని నాలుగు మడతలూ లోపలికి వచ్చేలా మడిచి సంచిలో పెట్టుకుంది.

*

మధ్యాహ్నం బల్ల మీద కొత్త గుడ్డ పరిచారు. అమ్మమ్మ తెచ్చిందే, ఆవపువ్వు రంగు. ఉడత చేతులు బార్లా చాపి నిలబడితే నర్సమ్మ టేపు పెట్టి కొలిచింది. ఇన్నేళ్ళలో పిల్లని కొలవడం అదే మొదటిసారి. గౌను కొలత గౌనుకే తెలిసేది, ఎవరూ పిల్లని అడగలేదు. తను అనుకున్నదానికన్నా పిల్ల చాలా ఎదిగిపోయింది.

“ఈసారి మీ కుడిచేత్తో కుట్టాలి మేడమ్” అంది ఉడత, వార్డుకి వచ్చే పెద్ద డాక్టరులా చేతులు వెనక్కి కట్టుకుని.

నర్సమ్మ నవ్వి సూది కుడిచేతికి మార్చుకుంది. చెయ్యి మొరాయించింది. ఎప్పుడో విడిచివచ్చిన ఊరి దారిలా ఉంది, తెలిసినట్టే ఉండి తెలియకుండా. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి. ఒడిలో ఊరుకున్న ఎడమచెయ్యి పక్కన కూర్చున్న మనిషిలా ఆ కుట్లని చూస్తోంది. మునుపైతే ఆ చూపుకి ఒళ్ళు జలదరించేది. ఇవాళ ఆ మనిషిని లేచి పొమ్మనాలనిపించలేదు. కూర్చోనీ. చూడనీ.

“వంకరగా వచ్చింది” అంది.

“వస్తే రానీ” అంది అమ్మమ్మ, కళ్ళజోడు సర్దుకుని. “చూడగానే ఎవరిదో తెలుస్తుంది. దారం మారినప్పుడు చెప్పు, ముడి మీద ఏం వేయాలో చూపిస్తాను.”

ఉడత నీళ్ళు తాగుతానని లోపలికి వెళ్ళింది. ముందుగదిలో అతను కిటికీకి కాగితపు గొలుసు కడుతున్నాడు. ఇంట్లో సూది గుడ్డలో దిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు వంటగదిలోంచి పిలుపు వచ్చింది.

“అమ్మా! పాలు పొంగుతున్నాయి!”

గొలుసు కడుతున్న చేతులు ఆగాయి. అమ్మమ్మ చేతిలో గుడ్డ ఆగింది. నర్సమ్మ సూది కూడా ఆగింది. ఒక్క క్షణం ఆ ఇల్లంతా చెవులు రిక్కించి, అలవాటు చొప్పున, ఇంకెవరో పలుకుతారని ఎదురుచూసింది. ఎవరూ పలకలేదు.

అమ్మమ్మ గుడ్డ మీంచి తల ఎత్తకుండానే అంది.

“పలకవే... పిల్ల పిలుస్తోంది.”

“ఆఁ...” అంది నర్సమ్మ. ఆ తర్వాత ఇంకొంచెం గట్టిగా, “ఆఁ! వస్తున్నా!” అంటూ లేచింది.